ఒనీలా పేరుకి పుట్టిల్లు

కొండల్లోని వాల్దెకోర్సో అనే ఊళ్ళో రొట్టెల బట్టీ నడిపే ఒనీలాకి అరవై ఏడేళ్ళు వచ్చేదాకా, ఎవరికైనా తన పేరు చెప్పడమంటే పన్ను పీకించుకున్నంత పనిగా ఉండేది. బడిలో పిల్లలు "వెనీలా! వెనీలా! రెండు కప్పులు!" అని వెంటపడేవారు. ఆసుపత్రిలో నర్సు "మనీలా గారూ" అని పిలిస్తే, కాదని వాదిస్తే వరస తప్పిపోతుందని నోరు మూసుకుని లేచి వెళ్ళేది. పెళ్ళిలో ఫాదరు గారు ఉంగరాల దగ్గరికొచ్చేసరికి పేరు మరిచిపోయి "ఈ అమ్మాయిని" అని గట్టెక్కించాడు. కట్టుకున్న మొగుడు కూడా బతికినన్నాళ్ళూ ఆమెను "ఇదిగో" అనే పిలిచాడు. అందులో ప్రేమ ఎంతో, ఆ పేరు నోటికి తిరగకపోవడం ఎంతో, ఆయన పోయి తొమ్మిదేళ్ళయినా ఆమెకు తేలలేదు.

ఆ పేరు ఎలా వచ్చిందో మాత్రం ఆమెకు బాగా తెలుసు. తల్లే చెప్పింది. బిడ్డ పుట్టిన మూడో రోజున తండ్రి పంచాయతీ ఆఫీసుకి వెళ్ళి, వాళ్ళమ్మ పేరు కలిసొచ్చేలా 'పెత్రోనీలా' అని రాయించాడు. అప్పటి గుమాస్తా పొద్దున్నే చిక్కటి వేడి చాక్లెట్‌లో చుర్రోలనే వేపుడు పిండికడ్డీలు ముంచుకు తింటూ జననాలూ మరణాలూ ఒకే ఊపులో రాసే మనిషి. చుర్రో నుంచి జారిన బొట్టు సరిగ్గా పేరు మొదట్లో పడింది. ఆరేళ్ళ తరవాత బడిలో చేర్చడానికి నకలు కావలసివస్తే, కొత్త గుమాస్తాకి ఆ మరక కింద ఏముందో కనబడలేదు. కనబడిందల్లా 'ఒనీలా'.

"మా అమ్మాయి పేరు పెత్రోనీలా అండీ," అన్నాడు తండ్రి.

"పుస్తకంలో ఏముంటే అదే మీ అమ్మాయి," అన్నాడు గుమాస్తా.

ఇంట్లో అప్పటిదాకా 'పాప' అనే పిలిచేవారు కనక పాపకీ పెద్దగా తేడా తెలియలేదు. తెలిసింది బడికి వెళ్ళాకనే.

ఇలా ఉండగా ఒక వేసవిలో టీవీ సీరియళ్ళ నటి యాదీరా మొంతాల్బో షూటింగుకని ఆ కొండల్లోకి వచ్చి, దారిలో ఆగి బట్టీలో రెండు రొట్టెలు కొనుక్కుంది. తలుపు మీది బోర్డుని ఫోటో తీసుకుంది. ఏడాది తిరక్కుండానే ఆమెకు కూతురు పుట్టింది.

ఒనీలా స్నేహితురాలు సిరియాకా జుట్టుకి రంగు వేయించుకుంటూ ఈ సంగతి పత్రికలో చదివి, రంగు సగంలో ఉండగానే తల మీద ప్లాస్టిక్ సంచీతో బట్టీకి పరిగెత్తుకొచ్చింది.

"ఏమే, పేపర్లో పడ్డావే! సినిమావాళ్ళ పిల్లకి నీ పేరు పెట్టారే!"

"నా పేరా? పాపం, ఆ పిల్లేం చేసింది?"

"విను మరి. 'ఈ పేరు నాకు గర్భంతో ఉండగా కలలో వినిపించింది' అందిట."

"కలలో కాదే, నా బోర్డు మీద చూసింది. చిల్లర లేదని యాభై సెంట్లు ఎగ్గొట్టింది కూడానూ."

కానీ కలకున్న గిరాకీ బోర్డుకెక్కడిది? ఏడాది గడిచేసరికి దేశంలో మూడు వందల పన్నెండు మంది ఒనీలాలు పుట్టారు. పట్నాల్లో తల్లులు పార్కుల్లో "ఒనీలా, మట్టి తినకు!" అని అరవసాగారు. రెండు ఆడకుక్కలకీ, ఒక సబ్బుకీ కూడా ఆ పేరు పెట్టినట్టు సిరియాకా లెక్క తేల్చింది.

అప్పుడు రంగంలోకి దిగాడు మేయరు లౌరియానో. ఒనీలా అతణ్ణి లాగూ లేకుండా తిరిగిన నాటినుంచీ ఎరుగును. అతను బట్టీకొచ్చి, మైదా బస్తా మీద కూర్చుని, చేతులు జోడించాడు.

"అత్తా, దేవుడు తలుపు తట్టాడు. మన ఊరు ఆ పేరుకి పుట్టిల్లు. పండగ చేద్దాం. బస్సులొస్తాయి."

"ఒరేయ్, అది చాక్లెట్ మరకరా."

"చరిత్ర అన్నాక నాలుగు మరకలుంటాయి అత్తా. ఊళ్ళో రెండొందల పధ్నాలుగు మందిమి మిగిలాం. నిరుడు ఏడుగురు పోయారు. పుట్టింది ఒక్కటే, అదీ దూడ. నువ్వు కొంచెం నోరు మెదపకుండా ఉంటే చాలు."

పట్నం నుంచి దోన్ ఉబాల్దో అనే పండితుడు వచ్చాడు. రెండు పూటలా వేపిన గొర్రెపిల్ల మాంసం తిని, మూడోనాడు తీర్పు చెప్పాడు: పదిహేను వందల ఏళ్ళ కిందటి గోత్ రాజుల భాషలో 'ఒన్' అంటే తేనె, 'ఇల' అంటే కత్తి. తేనె పూసిన కత్తి అని ఆ పేరుకి అర్థం. ఒనీలా ఒక రాకుమారి, కొండ మీద కోట కట్టుకుని శత్రువులను తరిమింది. కోట ఎక్కడుందని బడిపంతులు అడిగితే, "శత్రువులు మళ్ళీ వచ్చారు" అన్నాడు పండితుడు. ఊరి పొలిమేరలో 'ఒనీలా పేరుకి పుట్టిల్లు' అని పెద్ద బోర్డు లేచింది.

పండగకి మూడు వారాలుందనగా పిడుగు పడింది. పక్క ఊరు పెన్యాసెకా మేయరమ్మ బెనిల్దే పత్రికవాళ్ళను పిలిచి, తమ శ్మశానంలో ఒక సమాధి రాయి చూపించింది. దాని మీద 'ఒనీలా హీల్, 1889' అని చెక్కి ఉంది. "మా ఒనీలా పోయేనాటికి వాల్దెకోర్సో ఒనీలా తండ్రి కూడా పుట్టలేదు," అంది నవ్వుతూ.

లౌరియానోకి అన్నం సయించలేదు. "అత్తా, నువ్వొక్కసారి రా. ఆ రాయిలో ఏదో మోసముంది," అని ఆమెను కారెక్కించుకుపోయాడు.

ఒనీలా ఆ రాతి ముందు నిలబడి చాలాసేపు చూసింది. అక్షరాలు ఎడమవైపు అంచుకి మరీ దగ్గరగా ఉన్నాయి. ఆ అంచు కూడా ఉలి కొట్టినట్టు లేదు, మంచుకి పగిలినట్టుంది. ఆమె ఏప్రను చేతికి చుట్టుకుని పక్కనున్న దురదగొండి మొక్కలు పీకడం మొదలుపెట్టింది. నాలుగో కుదురు కింద రొట్టెంత రాతిముక్క దొరికింది. మట్టి తుడిస్తే 'పెత్ర్' అని కనబడింది.

"పెత్రోనీలా హీల్," అంది ఒనీలా మెల్లగా.

లౌరియానో గంతేశాడు. "దొరికారు దొంగలు! పత్రికవాళ్ళని పిలుస్తా! వాళ్ళది ఒనీలా కాదు, విరిగిపోయిన పెత్రోనీలా!"

"పిలు. తరవాత వాళ్ళు మన పుస్తకం కూడా చూపించమంటారు."

అతని మొహం పిండి ముద్దలా తెల్లబడింది. సమాధి గట్టు మీద కూలబడి, "ఇప్పుడెలా అత్తా?" అన్నాడు.

ఒనీలా రాతిముక్కని ఏప్రనుతో మళ్ళీ తుడిచింది. తన పేరులో సగం చాక్లెట్ తింటే, ఈవిడ పేరులో సగం చలి తింది. తనకైనా చెప్పుకోవడానికి నోరుంది. ఈ హీల్ గారి అమ్మాయికి ఆ రాయి తప్ప ఇంకేముంది? ఆ ముక్కని తెచ్చి సరిగ్గా దాని చోట ఆనించి పెట్టింది.

మర్నాడే మేయర్లిద్దరూ బారులో కూర్చుని, ఒక సీసా ఖాళీ అయ్యేలోగా రాజీపడ్డారు. రాకుమారి వాల్దెకోర్సోలో పుట్టి పెన్యాసెకాలో మరణించింది. రెండు ఊళ్ళ మధ్య పదకొండు కిలోమీటర్ల కంకరబాట 'ఒనీలా మార్గం' అయింది. రాతిముక్కని అక్షరాలు కిందికి ఉండేలా తిప్పి, పెన్యాసెకా చర్చి తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం పెట్టారు.

ఈ సంగతి సిరియాకా చెప్పినప్పుడు ఒనీలాకి ఒళ్ళు మండిపోయింది. ఇన్నేళ్ళూ తనను ఎవరేమన్నా పడింది. కానీ చచ్చినావిడ పేరుని తలుపుకి అడ్డం పెడతారా?

పండగనాడు తొమ్మిది బస్సులొచ్చాయి. చంకల్లో, బండ్లలో, భుజాల మీద ఎక్కడ చూసినా ఒనీలాలే. ముసలి ఒనీలాని వేదిక ఎక్కించి, మెళ్ళో పట్టుశాలువా వేసి, "ప్రపంచంలోని మొదటి ఒనీలా మాట్లాడతారు" అన్నాడు లౌరియానో. ఆమె మైకు గట్టిగా పట్టుకుంది.

"నేను రాకుమారిని కాదు, నా పేరు గోత్ రాజులదీ కాదు. నా పేరు పెత్రోనీలా. గుమాస్తా చుర్రోలు తింటూ పుస్తకం మీద చాక్లెట్ ఒలకబోశాడు, ఇలా అయింది. పెన్యాసెకా ఆవిడ పేరు కూడా పెత్రోనీలాయే. ఆవిడ పేరులో ముక్క చర్చి తలుపు కింద ఉంది. తీసి ఆవిడకిచ్చెయ్యండి."

లౌరియానో కళ్ళు మూసుకున్నాడు. తరవాత మైదానమంతా ఒక్కసారిగా పగలబడి నవ్వింది. చప్పట్లు మోగిపోయాయి. "ఎంత సరదా మనిషో!" అంది ముందు వరసలో ఒక పట్నపు తల్లి, కళ్ళు తుడుచుకుంటూ. సాయంత్రానికల్లా లౌరియానో బావమరిది దుకాణం తెరిచి, 'రాకుమారి వారి చాక్లెట్' కప్పు నాలుగు యూరోలకి అమ్మేశాడు.

మర్నాడు తెల్లారగానే ఒనీలా మొదటి వాయి రొట్టెలు తీసి, బట్టీ సిరియాకాకి అప్పగించి, పెన్యాసెకాకి బస్సెక్కింది. చర్చి తలుపు కింద నుంచి రాతిముక్కని లాగి, సంచీలో తెచ్చుకున్న సిమెంటు కలిపి, సమాధి రాయికి అతికించింది. ఎవరూ అడ్డం రాలేదు. అంత పొద్దున్నే శ్మశానానికి వచ్చేవాళ్ళెవరు? తలుపు దబదబా కొట్టుకుంటోందని ఫాదరు గారు మాత్రం వారం రోజులు విసుక్కున్నాడట.

అతుకు సంగతి మేయర్లకి తెలిసేసరికి పట్టించుకునే ఓపిక పోయింది. నటి యాదీరాకి రెండో కూతురు పుట్టింది. ఈసారి కలలో 'సిందూల్ఫా' అని వినిపించింది. బస్సులన్నీ ఇంకో జిల్లాకి మళ్ళాయి. నాలుగో ఏటి పండగకి ఒకే ఒక్క కారు వచ్చింది, అదీ దారి తప్పి.

ఆ కారులోంచి దిగిన నాలుగేళ్ళ పిల్ల తిన్నగా బట్టీలోకి వచ్చి, తీపి రొట్టెల గాజు అలమారకి ముక్కు ఆనించింది.

"నీ పేరేంటమ్మా?"

"ఒనీలా."

"అబ్బో! నా పేరూ అదే."

పిల్ల తలెత్తి, ముడతలూ తెల్లజుట్టూ మైదా అంటిన చేతులూ అన్నీ పరీక్షగా చూసింది.

"అబద్ధం. అది చిన్నపిల్లల పేరు. మామ్మలకి కార్మెన్ అని ఉంటుంది."

ఒనీలా పొట్ట పట్టుకుని నవ్వింది. పెద్ద తీపి రొట్టె ఒకటి తీసి, కాగితంలో చుట్టి పిల్ల చేతిలో పెట్టింది.

"సరే తల్లీ, కార్మెన్ మామ్మ ఇచ్చిందని మీ అమ్మకి చెప్పు," అంది.