ఎడమ కాలి బూట్లు

చెప్పుల కొట్టులో ఇరవై రెండేళ్లుగా పనిచేస్తున్న ఆవిడని అందరూ ‘ఏడో నంబరు’ అంటారు. వచ్చినవాళ్లు గుమ్మం దాటకముందే కాళ్లకేసి చూసి సైజు చెప్పేస్తుంది. పనిలో చేరిన మొదటిరోజు అలా చెప్పిన సైజు ఏడు. అదే పేరై కూర్చుంది. ఫోన్‌లో ఆడే ఆటలో కూడా ఆవిడ ఆ పేరే పెట్టుకుంది.

ఆ శనివారం మధ్యాహ్నం మూడింటికి ఏడో నంబరు అట్టపెట్టెల గదిలో స్టూలు మీద కూర్చుని, ఫోన్‌కేసి చూస్తూ పళ్లు నూరుతోంది. ఆటలోని సంతలో ఆవిడ అమ్మకానికి పెట్టిన బూట్లు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. ఆరు రోజులైంది. కొనడం మాట దేవుడెరుగు, బేరమాడిన పాపాన కూడా ఎవరూ పోలేదు.

అవేమన్నా అల్లాటప్పా బూట్లా! మూడు నెలల పాటు భోజనం వేళ ఒక చేత్తో అన్నం తింటూ, ఇంకో చేత్తో అడవిపందుల్ని వేటాడి, ఆ తోలు పదును చేసి, మైనం పూసిన దారంతో కుట్టినవి. మోకాలి లోతు బురదలో నడిచినా లోపల చుక్క నీరు దిగదు. జత రెండువేల నాణేలని ధర వేసింది. ఇరవై జతలకి నలభై వేలు. సంత నడిబొడ్డున ఉన్న కొట్టు ఖరీదు కూడా సరిగ్గా అంతే. ఆ కొట్టుని ఈ సాయంత్రం ఆరింటి దాకా ఆవిడ పేరు మీద ఆపి ఉంచారు. ఆరు దాటిందా, ముందు ఎవరు చెయ్యి వేస్తే వాళ్లదే.

ఆటలో కొట్టుకి ఇంత ఆరాటమా అని మనం నవ్వచ్చు. ఆవిడకి మాత్రం నవ్వు రాదు. ఇరవై రెండేళ్లుగా అమ్మేది ఒకరి సరుకు, దాని మీద ధర చీటీ కూడా ఆ ఒకరు అంటించిందే. ఎవరైనా కాస్త తగ్గించమంటే ఆవిడ నోట వచ్చే మాట ఒక్కటే: "సార్‌ని అడిగి చెప్తానండీ." తన చేత్తో చేసిన వస్తువుకి తనే ధర కట్టి, తన కొట్టులో కూర్చుని ఒక్కసారైనా అమ్మాలని ఆవిడ కోరిక. అది ఫోన్‌లో తీరినా చాలనుకుంది.

అందుకు అడ్డుపడుతున్నవాడి పేరు గండుచీమ. ఆటలో పెట్టుకున్న పేరే అది. అచ్చం ఇలాంటి బూట్లనే తొమ్మిదివందలకి పెట్టాడు. ఇంకెవరైనా ఎనిమిదివందల తొంభై తొమ్మిదికి పెడితే వాడు ఎనిమిదివందల తొంభై ఎనిమిదికి దిగుతాడు. ఒకే ఒక్క నాణెం తగ్గించి వచ్చిన జనాన్నంతా ఎగరేసుకుపోతాడు.

ఫోన్ మోగింది. చెల్లెలు. పళ్ల డాక్టరు దగ్గర రోగుల పేర్లు రాసుకునే ఉద్యోగం ఆమెది. అక్కకి ఈ ఆట అంటించింది కూడా ఆమే.

"అక్కా, అమ్ముడయ్యాయా?"

"నా మొహం అమ్ముడయ్యాయి! ఆ చీమగాడు తొమ్మిదివందలకి పారేస్తుంటే నా దగ్గరికి ఎవడొస్తాడే?"

"నువ్వూ తగ్గించొచ్చుగా?"

"తోలు పదునుకే జతకి వెయ్యి పడింది నాకు. వాడు తొమ్మిదివందలకి ఎలా ఇస్తున్నాడో నా బుర్రకి ఎక్కట్లేదు. కొట్టుకొచ్చిన తోలై ఉంటుంది."

"పంతానికి పోకు అక్కా. నీ కొట్టు బోర్డుకి రంగు కూడా ఎంచి పెట్టుకున్నాను నేను."

"ఆ రంగు తెచ్చి నా నెత్తిన పొయ్యి!" అని ఏడో నంబరు ఫోన్ పెట్టేసింది. పాపం చెల్లెలు చేసిన తప్పేమీ లేదు. కానీ ఆ క్షణాన చేతికి దొరికింది ఆమే.

పంతం మాట ఎలా ఉన్నా గడియారం ఆగదు. నాలుగింటికి ధర పద్ధెనిమిది వందలకి దించింది. ఎవరూ రాలేదు. ఐదింటికి ఏడుపు దిగమింగుకుని పదిహేను వందలకి దించింది. అప్పుడూ ఎవరూ రాలేదు. ఎవరో వచ్చి, ఆవిడ బూటు మీద వేలు పెట్టి చూసి, వెళ్లి గండుచీమ దగ్గర రెండు కొనుక్కున్నారు. అది చూసి ఆవిడకి ఒళ్లు మండిపోయింది. కళ్లున్నాయా వీళ్లకి? కుట్టు చూశారా? అంచు చూశారా?

ఆరింటికి పది నిమిషాలుందనగా ముందు గదిలోంచి యజమాని కేక వేశాడు. "ఏమ్మా, రెండోది తెమ్మని పంపి ఎంతసేపైంది? మేడమ్ కూర్చునే ఉన్నారు."

"వస్తున్నా సార్."

ముందు గదిలో బెంచీ మీద కూర్చున్నావిడ ఎడమ కాలికి చెప్పు తొడుక్కుని చూసుకుంటోంది. కుడిది తీసుకెళ్లడానికే ఏడో నంబరు లోపలికి వచ్చింది. పెట్టె దింపి చంకలో పెట్టుకునేసరికి ఫోన్ బుర్రుమంది. సంతలోంచి కబురు. పంపిన మనిషి పేరు దండు నాయకుడు.

"అమ్మా, మీరు పెట్టినవన్నీ ఎడమ కాలివే. కుడివి ఏవి?"

ఏడో నంబరు చంకలోని పెట్టెకేసి చూసింది. ఆ తరువాత ఫోన్‌కేసి చూసింది.

చెప్పుల కొట్టులో ఎప్పుడూ జత మొత్తం బయట పెట్టరు. పెడితే ఎవడో తొడుక్కుని చక్కా పోతాడు. అద్దాల అరలో ఒక కాలిది ఉంటుంది, రెండోది లోపల పెట్టెలో. కావాలని అడిగితే తెచ్చిస్తారు. ఇరవై రెండేళ్ల అలవాటు ఆటలోకి కూడా ఆవిడ వెంటే నడిచి వచ్చింది. ఇరవై ఎడమ బూట్లు సంతలో పెట్టి, ఇరవై కుడి బూట్లు పెట్టెలో భద్రంగా దాచింది. అడిగితే ఇద్దామని ఆరు రోజులు కూర్చుంది. ఆ ఆట తయారుచేసిన మహానుభావుడేమో ఎడమ బూటు వేరు, కుడి బూటు వేరు అని లెక్కపెట్టాడు. గండుచీమ చెప్పిన తొమ్మిదివందలు ఒక్క కాలికి! వాడిది జత పద్ధెనిమిది వందలు. ఇన్నాళ్లూ ఈవిడ ఒంటి బూటుకి రెండువేలు అడిగింది.

తన లెంపలు తనే వాయించుకోవాలనిపించింది. "కుడివి లోపల ఉన్నాయండీ, ఇరవై జతలు," అని కొట్టింది.

జవాబు వెంటనే వచ్చింది. "మా దండులో ఇరవై మందిమి. రేపు చిత్తడి నేల దాటాలి. అన్నీ తీసుకుంటాను. మొత్తం ఎంతకిస్తారో ఒక్క మాట చెప్పండి."

ఎంతకిస్తారో చెప్పండి! ఆ ప్రశ్న కోసమేగా మూడు నెలలు పందుల వెంట పడింది.

"ఏమ్మా!" యజమాని మళ్లీ అరిచాడు.

ఆవిడ బొటనవేలు దానంతటది కదిలింది. కబురు వెళ్లిపోయింది. అప్పటికే ఆవిడ ముందు గదిలో ఉంది. నేల మీద కూర్చుని, బెంచీ మీదావిడ కుడి పాదాన్ని ఒళ్లోకి తీసుకుంటూ పక్కన పెట్టిన ఫోన్‌కేసి ఓరగా చూసింది. తను ఏం పంపిందో అప్పుడు చదివింది.

"అడిగి చెప్తానండీ."

దాని కింద దండు నాయకుడి మాటలు ఒకదాని వెనక ఒకటి వచ్చి ఉన్నాయి. "ఎవర్ని?" "బూట్లు మీవే కదా?" "సరే, మీరు అడిగి చెప్పేసరికి నాకు పొద్దుపోతుంది. ఇంకోచోట చూసుకుంటాను."

పాదం ఒళ్లో ఉండగానే ఆవిడ ఒక చేత్తో ‘నలభై వేలు’ అని కొట్టింది. ఈ ఆటగాడు ప్రస్తుతం సంతలో లేడని ఫోన్ చెప్పింది. గోడ గడియారం ఆరు కొట్టింది. ఫోన్‌లో సంత నడిబొడ్డున ఉన్న కొట్టుకి బోర్డు లేచింది. గండుచీమ అని ఉంది దాని మీద.

ఆవిడ కోపం వాడి మీద కాదు, తన బొటనవేలి మీద. ఎవర్ని అడుగుతావే అని ఎవరైనా అడిగితే చెప్పడానికి పేరు లేదు. ఆటలో ఆవిడకి సార్ లేడు. లేని సార్‌ని తనే వెంటబెట్టుకుని వెళ్లింది.

బెంచీ మీదావిడ రెండు కాళ్లూ ముందుకు చాపి చూసుకుంది. "బాగున్నాయండీ. ఏమన్నా తగ్గుతుందా?"

అలవాటైన మాట నాలుక చివరిదాకా వచ్చి నిలబడింది. ఏడో నంబరు దాన్ని మింగేసింది.

"తగ్గదండీ."

"మీ సార్‌ని ఒకసారి అడిగి చూడండి."

"అడగక్కర్లేదు. కుట్టు చూడండి, అంచు చూడండి. ఈ ధరకి తక్కువ ఇవ్వను నేను."

గల్లాపెట్టె దగ్గర యజమాని తలెత్తాడు. బెంచీ మీదావిడ వంగి, కుట్టుని వేలితో తడిమి, పర్సు తీసింది.

ఫోన్ మళ్లీ మోగింది, చెల్లెలే. ఏడో నంబరు దాన్ని మోగనిచ్చి, కుడి కాలి పట్టీ బిగించి లేచి నిలబడింది.