బొగ్గుతో కలవని పిడకలు

గౌలిపుర గల్లీలో మొగులయ్యకు నాలుగు బర్రెలున్నాయి. పేడ మురుగు మోరీలో పడుతోందని ఫిర్యాదు వెళ్ళింది. పేడకు ఏదో ఒక దారి చూపకపోతే సోమవారం బర్రెలను లారీ ఎక్కిస్తామన్నారు మున్సిపాలిటీవాళ్ళు.

దారి చూపింది సైదాబాద్ అమ్మాయి అభిజ్ఞ. ఆమె పనిచేసే ప్రయోగశాలలో బొగ్గునూ పిడకలనూ పొడిచేసి, కలిపి కాల్చి, వచ్చిన గ్యాసును బండ్లు నడిపే నూనెగా మారుస్తారు. సోమవారం పొద్దున మొగులయ్య పిడకలతో నూనె దిగితే పేడంతా వాళ్ళే తీసుకుంటారు.

"పిడకలకు మట్టి అంటొద్దు, బాపూ. ఇసుక రేణువు కూడా" అని మరీ మరీ చెప్పిందామె.

మొగులయ్య, భార్య మాణిక్యమ్మ తలస్నానాలు చేసి, పోచమ్మకు మొక్కి మరీ కొట్టారు ఆ పిడకలు.

సోమవారం ప్రయోగశాలలో కొలిమి కాసేపు బాగానే మండింది. తరువాత గ్యాసు తగ్గింది, ఆగిపోయింది. కొలిమి నడిపే డానియేలు కింది తూములో ఇనుప చువ్వ పెట్టి కెలికితే గాజులా మెరిసే గడ్డ ఒకటి జారిపడింది.

"ఏంది బాపు, పిడకల్ల అమ్మ గాజులు గిట్ల కలిపినవా?"

మొగులయ్య నవ్వలేదు.

"మట్టి కలిసిందా?" అంది అభిజ్ఞ.

"పోచమ్మతోడు, లేదు బిడ్డా! మట్టి అంటొద్దనే కద, కింద మందంగ బూడిద పరిచి కొట్టినం. పొయ్యిల బూడిదే, బట్టతోని జల్లించి."

అభిజ్ఞ నుదురు పట్టుకుంది. "కట్టెల బూడిదే కరిగి గడ్డకట్టింది బాపూ. నేను ముందే చెప్పాల్సింది."

"మల్ల కొట్టుకొస్త! ఇయ్యాల్నే!"

"కొలిమి చల్లారాలి, విప్పాలి, కడగాలి. వారం పడుతుంది."

"మీ సార్లకు ఒక్క మాట చెప్పు తల్లీ. తప్పు పేడది గాదు, నాది."

ఆమె అతని ఎదుటే ఫోన్ చేసింది. చాలాసేపు బతిమాలింది. చివరికి తల అడ్డంగా ఊపింది.

ఇంటికి వచ్చేసరికి గల్లీ మొదట్లో లారీ ఆగి ఉంది.

"వచ్చిందా నూనె?" మాణిక్యమ్మ అడిగింది. జరిగింది విన్నాక పొయ్యి వైపు చూసింది. "దేవుని గిన్నెలు తోమే బూడిదనయ్యా! అది సుత మనకు ఎదురు తిరుగుతదా?"

తాము అంత శుచిగా చేసింది పోచమ్మ తల్లి చూడలేదా? చూసీ ఊరుకుందా? కోపం తెచ్చుకునే ధైర్యం మొగులయ్యకు లేదు. అడగడమే చాతనైంది, లోలోపల.

చూడిబర్రె లారీకి ఆనించిన పలక ఎక్కనని మొరాయించింది. కూలీ కర్ర ఎత్తాడు.

"కొట్టకు భాయ్, నేను పిలిస్తే వస్తది."

మొగులయ్య తానే ముందు లారీ ఎక్కి, రోజూ పిలిచినట్టే పిలిచాడు. అది నమ్మకంగా ఎక్కి వచ్చింది.