తలుపు చెక్క

మా షాపులో చెక్కను అడుగుల్లో లెక్కపెట్టరు, మనుషుల్లో లెక్కపెడతారు. శవపేటికలు చేసే షాపు మరి. దుంగ కోయించి తెచ్చిన రోజున మా ఆయన బల్లలను తట్టి చూసి "ముగ్గురికి వస్తుంది" అనో "నలుగురికి వస్తుంది" అనో అంటాడు. అలవాటైన నోరు. ఆ నోటితోనే మా బావగారు తెచ్చిన టేకు బల్లలను చూసి కూడా "ఇద్దరికి వస్తుంది అన్నయ్యా" అనేశాడు.

"ఛీ, నోరు కడుక్కోరా! ఇవి నా కొత్తింటి వీధి తలుపులకి!" అని ఆయన ఇంతెత్తున లేచారు.

నాకు నవ్వాగలేదు. మా తోటికోడలు అక్క కూడా నవ్వింది, నవ్వుతూనే పొట్ట పట్టుకుంది. అప్పటికే నొప్పి మొదలైందని మాకెవరికీ తెలియదు.

ఆ బల్లలు మా షాపు వెనక రేకుల కింద ఆరుతూ ఉన్నాయి. బావగారి ఇల్లు లేస్తూ ఉంది. ఆదివారం కూడా ఆయనకు ఇంటి పనే. చర్చిలో అక్క తన పక్కన చేతిసంచి పెట్టి ఆయనకు చోటు ఆపేది. ఎవరైనా కూర్చోబోతే "మా ఆయన వస్తారండీ" అనేది. రారని అందరికీ తెలుసు. డాక్టరు తొందరగా ఆపరేషన్ చేయించమంటే, "తలుపులు ఎక్కించేసి చేయిద్దాం, ఇంకెంత, ఇట్టే అయిపోతుంది" అన్నారు బావగారు. నాకు ఒళ్ళు మండి, ఆయన్ని కడిగేసి వద్దామని బయల్దేరితే అక్కే నా చెయ్యి పట్టుకుంది.

"నా నొప్పి సంగతి వదిలెయ్యవే. నా బెంగంతా ఆయన గురించే. దేవుడిచ్చిన ఊపిరంతా ఆ గోడలకే పోస్తున్నారు. రేపు నేను ప్రభువు దగ్గరికి వెళ్ళాక ఆయన అక్కడికి రాకపోతే, నాకెలా తోస్తుందే? ఒక్కసారి వచ్చి నా పక్కన కూర్చోమను, చాలు."

ఆ మాట బావగారి చెవిన వేశాను. "ముందు ఇల్లు కానివ్వమ్మా. దేవుడెక్కడికి పోతాడు?" అన్నారు.

దేవుడెక్కడికీ పోలేదు. అక్కే పోయింది. ముసురు పట్టిన రోజుల్లో, ఆపరేషన్ బల్ల దాకా కూడా వెళ్ళకుండానే.

వానలకి షాపులో ఉన్న మామూలు చెక్కంతా చెమ్మ పట్టి ఉంది. చెమ్మ చెక్కతో మా ఆయన పెట్టె చేయడు. మేకు పట్టదు, ఎత్తేటప్పుడు అడుగు ఊడి వస్తుంది. పొడిగా ఉన్నవి రేకుల కింది టేకు బల్లలే. వాటి మీద చెయ్యి వేసి అన్నగారి వైపు చూశాడు.

"ఏదో ఒక చెక్కతో కానిచ్చెయ్యరా. మట్టిలోకి పోయేదానికి టేకెందుకు?" అన్నారు బావగారు.

ఏడుస్తూనే అన్నారు, అదీ చెప్పాలి. కళ్ళు ఏడుస్తున్నాయి, నోరు తలుపుల లెక్క చూసుకుంటోంది. అయ్యో, మనిషి ఇలా కూడా అయిపోతాడా అని భయమేసి నాకు ఏడుపు ఆగిపోయింది.

మా ఆయన రంపం తీసుకుని టేకు బల్లలు కోశాడు.

మర్నాడు చర్చిలో పెట్టెను ముందు బెంచీ దగ్గరే దించారు. అక్క ఎప్పుడూ కూర్చునే బెంచీ అది. బావగారిని అక్కడే కూర్చోబెట్టారు. ధాన్యం కొట్లు ఇంకా పెద్దవి కట్టించుకుందామనుకున్న రాత్రే ప్రాణం పోయిన బైబిల్లోని ధనవంతుడి సంగతి పాస్టర్ గారు ఎత్తలేదు, ఆయన మెత్తటి మనిషి. ఎత్తి ఉంటే బాగుండుననిపించింది నాకు.

పాట జరుగుతుండగా బావగారు పెట్టె అంచును వేలితో నిమిరారు. చెక్కను గుర్తుపట్టారు. తమ్ముడి వైపు వంగి మెల్లగా అడిగారు.

"ఇంకెంత మిగిలిందిరా?"

ఆయన పీక నులిమేద్దామన్నంత కోపం వచ్చింది నాకు. మా ఆయన నిద్ర లేని మనిషి, ఆలోచించలేదు. అలవాటైన నోరు.

"ఒకరికి వస్తుంది అన్నయ్యా."

అనేసి నాలుక కరుచుకున్నాడు. ఈసారి బావగారు నోరు కడుక్కోమనలేదు. పెట్టె మీది చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. పాట అయిపోయాక తన పక్కనున్న ఖాళీ చోటు చూసి నన్నడిగారు.

"మీ అక్క నాకు చోటు ఆపేది ఇక్కడేనా?"

"కాదండీ. ఆవిడ కూర్చునే చోట్లో మీరు కూర్చున్నారు. మీ చోటు ఆ పక్కది."

ఆయన పక్కకు జరిగి కూర్చున్నారు.