రెండుసార్లు పడిన మాట

అచ్చుకు ముందు ప్రూఫులు దిద్దడం నా పని. కీళ్లవాతం పన్నెండేళ్లుగా వేళ్లను కొరుక్కుతింటున్నా కళ్ల జోలికి రాలేదు. నిన్న మాత్రం వరుసల చివరి మాటలు రెండేసిసార్లు పడ్డాయని ఎర్ర కలంతో కొట్టేశాను.

“అక్కా, ఖాళీ అంచును కొట్టేశావేంటి?” అంది పేజీలు కట్టే ఆవిడ.

ఇవాళ ఆ సంగతీ, ఎడమకాలి తిమ్మిరీ చెబితే డాక్టరు రిపోర్టులు తిరగేశాడు. “అన్నీ బాగానే ఉన్నాయమ్మా. వట్టి టెన్షన్,” అంటూ చీటీ మీద అదే రాశాడు.

నాకు ఒళ్లు మండింది. ప్రూఫు ఆయన ముందు పరిచాను.

“టెన్షనైతే ఎక్కడపడితే అక్కడ తప్పులుండాలి. అన్నీ కుడివైపే ఎందుకున్నాయి?”

ఆయన చేతిలోని చీటీ లాక్కుని ‘టెన్షన్’ను ఎర్రగా కొట్టేశాను.

“ఇది ఒక్కసారే పడిందని తెలుసు. అయినా తప్పే. మళ్లీ చూసి రాయండి.”