అహం లేని మనిషి

అత్తగారి అన్నం మెత్తగా మెదిపి గిన్నెలోకి తీస్తుంటే, మా ఆయన వంటింటి గుమ్మంలో నిలబడి అడిగారు. "ఆ సైకాలజీవాళ్ళ మెట్లు మళ్ళీ ఓసారి చెప్పవూ? కింద ఆకలి, పైన ఆత్మవికాసం, అంతేనా?"

చెప్పాను. షరతులు పెట్టకుండా మనల్ని ఒప్పుకునే మనిషి ఒక్కరున్నా, లోపలున్నది తనంతట తానే ఎదుగుతుందని వాళ్ళ నమ్మకమనీ, అన్నమయకోశంతో మొదలుపెట్టి ఆనందందాకా తీసుకెళ్ళే మన వేదాంతం దానికి దగ్గరిదేననీ, కాకపోతే వాళ్ళు 'నేను' వికసించాలంటే మనవాళ్ళు 'నేను' కరగాలంటారనీ. అత్తగారు మంచాన పడేదాకా కాలేజీలో ఈ పాఠమే చెప్పేదాన్ని. "ఎవరో ఒకరు ఇంట్లో ఉండాలి కదా" అన్నారాయన అప్పుడు. ఆ ఎవరో ఒకరు నేనేనని ఎవరూ నోటితో అనలేదు.

సాయంత్రం పక్కింటావిణ్ణి అత్తగారి దగ్గర కూర్చోబెట్టి ఆయన ఉపన్యాసమున్న సభకు వెళ్ళాను. నా మాటలే ఆయన గొంతులో విన్నాను. బాగానే చెప్పారు. చివర్లో ఒకావిడ లేచి, "అహం వదులుకోవడం ఎలాగండీ?" అని అడిగింది. ఆయన నవ్వుతూ నావైపు చెయ్యి చూపించారు. "మా ఆవిణ్ణి చూడండి. ఆవిడకి అహమనేదే లేదు." హాలంతా చప్పట్లు. నేనూ నవ్వాను. అలవాటు. అసలు మొలకెత్తనివ్వని 'నేను'ని వదిలేశానంటే ఎలా అని నా లోపల ఎవరో గొణిగారు.

ఇంటికొచ్చి అత్తగారి పక్క సర్దుతూ జరిగింది చెప్పాను. ఎప్పుడూ "ఫలం ఆశించకూడదే" అని సముదాయించే మనిషి, ఈసారి పైకప్పుకేసి చూస్తూ వేరే మాటన్నారు.

"మీ మామగారూ నలుగురిలో అలాగే మెచ్చుకునేవారు. ఎంత పొంగిపోయేదాన్నో! పాడేదాన్నే నేను. ఎప్పుడు మానేశానో కూడా గుర్తులేదు."

ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. నా ఉద్యోగం ఇంకా నాకోసం ఖాళీగా ఉండదని తెలుసు. ఉన్నా, ఇన్నేళ్ళ తర్వాత పిల్లల ముందు నోరు పెగులుతుందన్న ధైర్యం లేదు.

ఆయన ముందుగదిలోంచి కేకేశారు. "వచ్చే నెల ఇంకో సభ. కర్మయోగం మీద. నాలుగు ముక్కలు రాసిపెట్టు!"

"రాయనండీ. రేపు కాలేజీకి వెళ్ళి, క్లాసులేమైనా ఇస్తారేమో అడుగుతాను."

ఆయన గుమ్మంలోకొచ్చి నిలబడ్డారు. "మరి అమ్మనెవరు చూస్తారు?"

అత్తగారు దిండుమీదే తల తిప్పి కొడుకువైపు చూశారు.

"దానికి నేను అత్తనిరా. అమ్మని నీకు."