ఎరుపు తప్పిన పేజీ

కార్లకు రంగులు వేసే షెడ్డులో అతన్ని అందరూ మేస్త్రీ అనే పిలిచేవారు. గీతలు పడిన తలుపును ముందు పెడితే చాలు, కంటితో చూసి రంగు కలిపేవాడు. కొత్త రంగు ఎక్కడ మొదలైందో బండి గలాయన కూడా పట్టుకోలేకపోయేవాడు.

ఇంట్లో అతని సరదా కూడా రంగులే. నలుపు తెలుపుల్లో వచ్చే జపాన్ బొమ్మల కథల్ని, అదే మాంగా పేజీల్ని, టాబ్లెట్‌లోకి తెచ్చుకుని రంగులు నింపేవాడు. ముందు ఒంటికీ బట్టలకూ ఆకాశానికీ వేర్వేరు పొరలు పరిచి, తర్వాత నీడలు, ఆఖరున కళ్లలో మెరుపు. ఒక్కో పేజీకి రెండు ఆదివారాలు పట్టేది. పూర్తయ్యాక, ఇదే పిచ్చి ఉన్న ఇరవై మంది గుంపులో పెట్టేవాడు. అందులో ‘కాకి’ అనే మారుపేరుతో ఉండే ఆవిడ మాటంటే అతనికి గురి. ఒకరి ముఖం ఒకరు ఎన్నడూ చూడకపోయినా, ఇద్దరూ ఒక కత్తివీరురాలి కథను నాలుగేళ్లుగా పంచుకుని రంగులు వేస్తున్నారు. సరి పేజీలు ఆమెవి, బేసి పేజీలు అతనివి.

ఆ ఏడు అతనికి క్షయ వచ్చింది. డాక్టరమ్మ మాత్రలు రాసిచ్చి ఏవేవో జాగ్రత్తలు చెప్పింది. దగ్గు తగ్గితే అంతే చాలనుకుని అతను సగం విన్నాడు, సగం వదిలేశాడు. రెండు నెలలకు ఒళ్లు తేరుకుని మళ్లీ షెడ్డుకు వెళ్లాడు.

మూడో నెలలో అతని కొత్త పేజీ చూసి కాకి రాసింది. ‘మేస్త్రీ గారూ, అమ్మాయి ముఖం పాచి పట్టినట్టుంది. నెత్తురేమో బురద రంగులో ఉంది. కావాలనే వేశారా?’

అతనికి కోపం ముక్కు మీదే ఉంటుంది. ‘పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగానే కనిపిస్తుందట’ అని జవాబిచ్చాడు. పాత పేజీని పక్కన పెట్టుకుని చూడమని ఆమె నెమ్మదిగానే రాసింది. పెట్టుకుని చూశాడు. రెండూ ఒకేలా కనిపించాయి. తెర వెలుతురు పెంచి మళ్లీ చూశాడు, తేడా తెలియలేదు. అయినా తప్పు టాబ్లెట్‌దేనని రాసేసి, గుంపులోంచి బయటికి వచ్చేశాడు.

భార్య ఇంట్లో బట్టలు కుట్టేది. ఆ వారమే ఎర్ర దారం అందుకోమంటే పచ్చ దారం అందించాడు. ఆమె వింతగా చూసి, ఒకసారి డాక్టరుకు చూపించుకోమంది. వెలుతురు సరిగా లేదని కసురుకున్నాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషి. పైగా లోపల భయం. రంగు తెలియని మేస్త్రీని షెడ్డులో ఎవరుంచుకుంటారు? డబ్బాల మీద మసకగా కనిపిస్తున్న పేర్లు చదువుకుంటూ ఐదు వారాలు నెట్టుకొచ్చాడు. మాత్రలు మాత్రం ఒక్క పూట కూడా మానలేదు. మంచినీళ్లు భార్యే తెచ్చి ఇచ్చేది.

ఒక మధ్యాహ్నం షెడ్డు యజమాని అతను రంగు వేసిన ముదురెరుపు కారు తలుపొకటి ఎండలోకి తెప్పించి నిలబెట్టించాడు.

“మేస్త్రీ, నిజం చెప్పు. మధ్యలో ఆ మచ్చ నీకు కనిపిస్తోందా?”

అతను మచ్చ కోసం తలుపంతా చేత్తో తడిమాడు.

ఆసుపత్రిలో రంగు చుక్కల బొమ్మలు చూపించి, లోపల ఏ అంకె ఉందో చెప్పమన్నారు. అతనికి చుక్కలే కనిపించాయి. డాక్టరమ్మ మాత్రల్లో ఒకదాన్ని ఆపేసింది. దాని వల్ల ఎక్కడో ఒకరికి కంటి నరం దెబ్బతింటుందని, చూపులో తేడా వస్తే ఆ రోజే రమ్మని మొదట్లోనే చెప్పానని అంది.

“అప్పుడే వచ్చుంటే?” అని భార్య అడిగింది.

“చాలావరకు తిరిగొచ్చేదమ్మా. ఇప్పుడు చెప్పలేను.”

 ఇంటికొచ్చి తాళం తీస్తూ భార్య అంది. “ముక్కూ ముఖం తెలియని ఆవిడ చెప్పింది. నేను చెప్పాను. ఇంకెవరు చెప్తే వినేవారు మీరు?”

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టయింది. క్షయ పూర్తిగా నయమైంది. మసకబారిన అక్షరాలు కాస్త తేటపడ్డాయి. ఎరుపు మాత్రం రాలేదు. యజమాని చెడ్డవాడు కాదు, పని తీసెయ్యలేదు. పాత రంగు గీకే పనిలో పెట్టాడు. మేస్త్రీ అని పిలవడం మానేశారు.

ఏడాది తర్వాత కాకికి జరిగిందంతా రాసి, క్షమించమన్నాడు. ఆమె అదే రోజు జవాబిచ్చింది. ‘బేసి పేజీలు ముట్టుకోలేదు. పొరలూ నీడలూ మీరు వేయండి. ఏ రంగు ఎక్కడ వేయాలో, టాబ్లెట్‌లో ఆ రంగుకుండే అంకెలు రాసి పంపుతాను.’

ఒక ఆదివారం కూర్చున్నాడు. ఆమె పంపిన అంకెలు ఒక్కొక్కటే కొట్టి, కత్తివీరురాలి కండువా నింపాడు. తెర మీద బురద పరుచుకుంది. భార్యను పిలిచి ఎలా ఉందని అడిగాడు.

“ఎర్రగా, బాగుందండీ.”

అతనికి మాత్రం అది బురదే. పేజీని అలాగే కాకికి పంపి, మిగతావి ఆవిడనే వేసుకోమని రాశాడు. ఆ తర్వాత టాబ్లెట్ భార్య చేతికిచ్చి, కుట్టుపని కొలతలు రాసుకోవడానికి వాడుకోమన్నాడు.