రెజీనా వేలిముద్ర

రెజీనా అద్దం తలుపును తడిగుడ్డతో పైనుంచి కిందికి తుడుస్తోంది. పత్తికొండ దగ్గరి ఆ ఊళ్లో బ్యాంకు కొత్త శాఖ తెరిచి తొమ్మిది రోజులైంది. ఊరివాళ్లకు దొరికిన పనులు మూడు. కాపలా ఒకరికి, టీ, నీళ్లు అందించే పని ఒకరికి, ఊడ్చి తుడిచేది ఆమెకు.

ఎదురుగా రోడ్డు మీద లారీకి మూటలెక్కిస్తున్నారు. మధ్యాహ్నం అది గుంటూరు మిరపచేలకు బయలుదేరుతుంది. ఇరవై రెండేళ్లుగా ఏటా ఆ లారీ ఎక్కిన మనిషి రెజీనా. పెళ్లయిన మూడోవారమే మొగుడు ఏసేపు వెంట కోతలకు పోయింది. కూతురు స్తుతిని అక్కడే, కళ్లం పక్క గుడిసెలో కన్నది. కాయ తెంపి తెంపి ఆమె వేళ్ల కొసలు గులకరాళ్లలా నున్నబడ్డాయి.

ఆ వేళ్లే ఇప్పుడు అడ్డం వచ్చాయి. పనిలో పెట్టిన ఏజెన్సీకి వేలిముద్ర కావాలి. ఎనిమిది రోజులుగా మిషను ఆమె వేలిని పట్టడం లేదు. ఇవాళే గడువు. ముద్ర పడకపోతే పని ఇంకొకరిది, ఆమె లారీ ఎక్కాల్సిందే.

పదకొండు దాటాక మేనేజరు భూపేష్ పిలిచాడు. కడప నుంచి వచ్చినవాడు, ముప్పై నిండలేదు.

"ఇంగొకసారి చూద్దామక్కా. ఈసారి ఎడమచెయ్యి."

బొటనవేలు పట్టలేదు. చూపుడువేలూ పట్టలేదు.

"నా యేళ్లన్నీ మిరపకాయలే తినేసినాయి సార్," అంది రెజీనా, నవ్వకుండా.

"చిటికెనేలు పెట్టు."

కాయ తెంపడానికి ఎడమ చిటికెనవేలితో పనిలేదు. మిషను మీద పచ్చదీపం వెలిగింది.

"అయిపాయ. పని నీదే పోక్కా."

ఆమె ఆ వేలిని, ఇంకెవరిదో అన్నట్టు, కాసేపు చూసుకుంది.

బయట మెట్ల దగ్గర ఏసేపు భుజాన మూటతో, చెప్పులు విడిచి నిలబడ్డాడు. లోపలికి రాలేదు.

"పడిందే?"

"పడింది."

అతను తల ఊపాడు. పెళ్లయ్యాక ఒంటరిగా కోతలకు పోవడం అతనికి ఇదే మొదటిసారి. ఇంటి బీగంచెవి ఆమె చేతిలో పెట్టాడు.

"రెండు నెల్లే కదా. ఈడ నీకు నీడపట్టుండాది."

"పైలంగా పో. ఆడ బోరునీళ్లు తాగాకు, కడుపు నొస్తాది."

ఇంకేదో అనబోయింది. లోపల ఎవరో టీ ఒలకబోశారు, ఆమెను పిలిచారు.

లారీ హారన్ మోగినప్పుడు ఆమె నేల మీద వంగి ఉంది. తుడిచి, గుడ్డ పిండి, తలుపు దాకా వచ్చేసరికి రోడ్డు మీద దుమ్ము కూడా అణిగిపోయింది.

మెట్టు మీద ఆమె ఒడిగుడ్డ ఉంది. కోసిన కాయలు వేసుకోవడానికి నడుముకు కట్టుకునేది. ఏసేపు మూటలోంచి తీసి, నాలుగు మడతలు పెట్టి వదిలి వెళ్లాడు. ఎన్నిసార్లు ఉతికినా పోని ఎరుపు మడతల అంచున కనబడుతోంది.